ఆగస్టు 29న మనం మరిచే బడి

ఏటా ఆగస్టు 29 వచ్చేసరికి మా విశ్వవిద్యాలయంలోనూ, చుట్టుపక్కల కళాశాలల్లోనూ తెలుగు భాషా దినోత్సవ సభలు జరుగుతాయి. గిడుగు వెంకట రామమూర్తి పటానికి పూలదండ పడుతుంది. గ్రాంథికం మీద వ్యావహారికం గెలిచిన తీరును వక్తలు వర్ణిస్తారు. ఆ వక్తల్లో నేనూ ఒకణ్ణి. రెండేళ్ల క్రితం అలాంటి సభ ముగిశాక ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చింది. కొత్తూరు వైపు కొండల్లోని ఒక సవర గూడ ఆమెది. అరగంట ఉపన్యాసంలో సవరల ముచ్చటను ఒక్క వాక్యంతో ఎందుకు ముగించానని మెల్లగా అడిగింది. ఆయన సొంత డబ్బుతో బడి పెట్టింది మా పిల్లల కోసం కదా అని కూడా అంది. అప్పటికి ఏదో చెప్పి పంపించాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

గిడుగు జీవితాన్ని మనం సాధారణంగా తెలుగు వైపు నుంచి చదువుతాం. సవర భాషా సేవ అందులో ఒక ఉపకథగా, ఆయన మంచితనానికి ఒక దాఖలాగా వస్తుంది. సవర వైపు నుంచి చదివితే అదే జీవితం మరోలా కనబడుతుంది. ఆయన చేసిన పనుల్లో కుల సమాజాన్ని నిజంగా ఇబ్బంది పెట్టగలిగిన పని ఏదో, మనం వారసత్వంగా అందుకున్న పని ఏదో అప్పుడు తేలుతుంది. ఆ రెండూ ఒకటి కావన్నది నా అభిప్రాయం.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు పర్లాకిమిడి జమీందారీలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే విషజ్వరంతో ఆయన కన్నుమూశారు. అప్పటికి కొడుక్కి పన్నెండేళ్లు. తర్వాత విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. గురజాడ అప్పారావు అక్కడే ఆయనకు సహాధ్యాయి. పేదరికం ఉంది, పెద్దదిక్కు లేదు. అయినా బడి తలుపు మూసుకుపోలేదు. బంధువుల ఇంట తలదాచుకుని మహారాజావారి బడిలో చేరగల దారి బ్రాహ్మణ కుటుంబంలోని తండ్రిలేని పిల్లవాడికి ఉండేది. అదే వంశధార ఒడ్డున అదే ఏట తండ్రిని పోగొట్టుకున్న మాల పిల్లవాడికో, సవర పిల్లవాడికో ఆ దారి లేదు. ఇది గిడుగు తప్పు కాదు. ఆయన ఎక్కడినుంచి బయలుదేరారో చెప్పడానికే ఈ మాట.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. పిల్లలకు చరిత్ర చెబుతూనే ప్రైవేటుగా చదివి 1896లో బి.ఏ. పూర్తిచేశారు. శ్రీముఖలింగం గుడి శాసనాలను చదవడానికి పాత లిపులను ఎవరి సాయమూ లేకుండా నేర్చుకున్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఆ ముఖలింగమేనని వాదించారు. ఈ స్వభావాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎదురుగా ఉన్న రాత అర్థం కాకపోతే ఆయన పండితుడి కోసం వెతకలేదు, రాతి ముందే కూర్చున్నారు. తర్వాత మనుషుల ముందూ అలాగే కూర్చున్నారు.

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. మన పాతపట్నం పక్కనే. పల్లానికీ కొండకీ మధ్య వాకిలి లాంటి ఊరు. కొండల మీది నుంచి సవరలు చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్లు నెత్తిన పెట్టుకుని సంతకు దిగుతారు. ఉప్పు, ఎండుచేప, గుడ్డ కొనుక్కుని చీకటి పడేలోగా ఎక్కుతారు. గిడుగు కాలంలో ఆ కొండల మీద జమీందారు తరఫున పెత్తనం బిస్సోయిలనే ఒడియా నాయకులది. సవరలకూ పల్లపు వర్తకులకూ మధ్య బేరసారాలు నడిపేది ఎక్కువగా పాణోలు. వాళ్లు పల్లంలో అంటరానివారు, కొండ మీద మాత్రం మధ్యవర్తులు. కులం కొండ ఎక్కేసరికి వేషం మార్చుకుంటుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. సవర నోటిమాటగా చేసిన అప్పు పల్లంలో కాగితంగా మారేది. ఆ కాగితం మీద ఏముందో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. ఇలా చేజారిన భూముల సంగతి ఎంత దూరం వెళ్లిందంటే, 1917లో గంజాం, విశాఖపట్నం ఏజెన్సీల్లో వడ్డీనీ భూమి బదిలీనీ అదుపు చేస్తూ మద్రాసు ప్రభుత్వమే ఒక చట్టం తేవలసి వచ్చింది. సవర పిల్లవాడికి నాలుగు అక్షరాలు రావడమంటే ఆ నేలలో అర్థం ఇదీ. సాహిత్యాభిరుచి సంగతి తర్వాత.

1890లలో గిడుగు ఈ సవరలకు చదువు చెప్పాలనుకున్నారు. అప్పటికి అందుబాటులో ఉన్న పద్ధతి ఒకటే: తెలుగో ఒడియానో నేర్పి, ఆ తర్వాత అక్షరాలు నేర్పడం. పల్లం నుంచి వెళ్లే ఏ ఉపాధ్యాయుడికైనా తోచేది అదే. ఇప్పటికీ తోచేది అదే. ఆయన తిరగేసి ఆలోచించారు. పిల్లలు తన భాష నేర్చుకోవడం కాదు, ముందు తానే వాళ్ల భాష నేర్చుకోవాలి. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర శిష్యరికం చేశారు.

ఇక్కడ ఆగాలి. 19వ శతాబ్ది చివర, ఒక జమీందారీ పట్టణంలో, ఒక బ్రాహ్మణ ఇంట కొండ నుంచి వచ్చిన మనిషి గురువు స్థానంలో కూర్చున్నాడు. ఇంటి యజమాని పలకతో అతని ముందు కూర్చుని మాట మాటా అడిగి రాసుకున్నాడు. మడి, ఎంగిలి, వంటింటి గడప వంటి కట్టుబాట్లన్నీ బతికి ఉన్న కాలమది. వ్యావహారిక భాషావాదం కోసం గిడుగు పండితుల తిట్లు తిన్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ వాదం ఎంత ఘాటుగా సాగినా, రెండువైపులా ఉన్నది దాదాపు ఒకే తరగతి మనుషులు. వంటింటి పక్కనే సవర భాష వినిపించడం అలాంటి తగాదా కాదు. అది జ్ఞానం ఎటునుంచి ఎటు ప్రవహించాలన్న నియమాన్నే తలకిందులు చేయడం. అయితే నేను ఇన్ని సభల్లో కూర్చున్నాను, ఇన్నిసార్లు మాట్లాడాను, ఆ గురువు పేరు ఒక్క వేదిక మీదా వినలేదు. నేనూ చెప్పలేదు. శిష్యుడి పుట్టినరోజు పండుగైంది. గురువు ‘ఒక వ్యక్తి’గా మిగిలిపోయాడు.

నేర్చుకోవలసిన భాష సులువైనదేం కాదు. సవర తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు. ముండా శాఖకు చెందిన ఆస్ట్రోఏషియాటిక్ భాష అది. గొంతులో ఊపిరిని చటుక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది, దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. నామవాచకాన్ని క్రియలోకి కలిపేసుకుని మొత్తం వాక్యాన్ని ఒకే మాటగా పలకగలదు. ఇలాంటి భాషను అప్పట్లో పల్లపువాళ్లు మాటలు రానివాళ్ల గొణుగుడుగా లెక్కగట్టేవారు. గిడుగు దానికి వ్యాకరణం ఉందని కనిపెట్టలేదు. వ్యాకరణం ఎప్పుడూ ఉంది. ఆయన విన్నారు, అంతే. వినడానికి కాలినడకన కొండలెక్కారు. మన్యపు జ్వరం పట్టుకుంది. జ్వరానికి వాడిన క్వినైన్ వల్లనే ఆయనకు చెవుడు వచ్చిందని చెబుతారు. భాషలను చెవితో పట్టుకున్న మనిషి ఆ చెవులనే పోగొట్టుకున్నారు. చివరిదాకా ఆ చెవుడుతోనే వాదాలు చేశారు, సభలు నడిపారు.

భాష పట్టుబడ్డాక వాచకాలు రాశారు. తెలుగు అక్షరాలతోనే సవర మాటలను రాసే పద్ధతి ఏర్పరిచారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు, వాటిలో ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ముప్పై రూపాయలతో మొదలైన బడిపంతులు బతుకులోంచి తీసిన డబ్బది. మద్రాసు ప్రభుత్వం 1911 ప్రాంతంలో ఆ సవర పుస్తకాలను ప్రచురించి పారితోషికం ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదనీ, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారనీ జీవిత చరిత్రకారులు రాశారు. 1913లో రావుబహదూర్ బిరుదు వచ్చింది. బిరుదు ఇవ్వడం ప్రభుత్వానికి తేలిక. కొండ మీద బడి నడపడమే కష్టం.

1906లో జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో పుస్తకం చదివించే తెలుగు మరొకటి, ఎందుకిలా అని ఆయనకు సందేహం కలిగింది. ఆ సందేహాన్ని గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు అందుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం అక్కడ మొదలైందని పుస్తకాలు చెబుతాయి. నాకు మాత్రం అది పర్లాకిమిడి ఇంట్లో, సవర గురువు ముందు, పదేళ్లకు పైగా ముందే మొదలైందనిపిస్తుంది. రాత లేని భాషకు వాచకం రాయడానికి కూర్చున్నవాడికి వేరే దిక్కు లేదు. మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే రాయాలి. ఆ పని చేసిన చేత్తో తెలుగు వాచకం తెరిస్తే, అందులోని భాష ఏ పిల్లవాడి నోటిదీ కాదని కనబడకుండా ఎలా ఉంటుంది? హెన్రీ స్వీట్ వంటి భాషావేత్తల పుస్తకాలు ఆయనకు వాదనను ఇచ్చి ఉండవచ్చు. కానీ అనుభవాన్ని ఇచ్చింది సవర బడి.

ఉద్యమ చరిత్ర తెలిసినదే గనుక త్వరగా దాటుతాను. స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో వాడుక భాషకు వచ్చిన అనుమతి కొద్దికాలానికే పోయింది. జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా అడ్డుపడ్డాయి. గురజాడ 1914లో విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చి, మరుసటి ఏడే కన్నుమూశారు. ఉద్యోగ విరమణ చేసిన గిడుగు 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి దాదాపు ఒంటిచేత్తో వాదాన్ని నడిపారు. ఊరూరూ తిరిగి, పాత గ్రంథాల నుంచే ప్రయోగాలు ఏరి, పండితుల భాషలోనే తప్పులు చూపి వాళ్లను ఉక్కిరిబిక్కిరి చేశారు.

గ్రాంథికం బ్రాహ్మణులది, వ్యావహారికం బహుజనులది అని గీత గీసే విద్యార్థులు నాకు తరగతిలో తరచు తగులుతారు. చరిత్ర అంత సులువుగా లొంగదు. గ్రాంథికవాదులు నెత్తిన పెట్టుకున్న బాలవ్యాకరణం రాసిన పరవస్తు చిన్నయసూరి సాతాని కులస్తుడు. బ్రాహ్మణేతరుడు ఆ రోజుల్లో మద్రాసులో పండిత పదవి నిలబెట్టుకోవాలంటే ఎవరికన్నా కఠినమైన వ్యాకరణం చేతిలో ఉండాలి మరి. వ్యావహారికం వైపు నిలిచిన ప్రముఖులేమో ఎక్కువగా బ్రాహ్మణులు. కాబట్టి ఎవరు ఎటువైపు అని కాకుండా, ఏ భాష బడిలో కూర్చుంటే ఎవరి పిల్లలు బయట నిలబడతారని అడగాలి.

అలా అడిగితే గిడుగు వాదానికీ ఒక హద్దు కనిపిస్తుంది. ఆయన పాఠ్యపుస్తకాల కోసం కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారు, పెద్దమనుషులు మాట్లాడుకునే భాష. పండితులతో పోరులో అది ఆయనకు అక్కరకొచ్చింది. ఇది పామరుల భాష కాదు, మీ ఇళ్లలో మీరు మాట్లాడేదే అని చెప్పగలిగారు. కానీ ఆ ఎత్తుగడలోనే మనం ఆగిపోయాం. వంశధార ఒడ్డున పుట్టిన మనిషి పోరాడి గెలిచిన వాచకంలోకి వంశధార ఒడ్డు మాట రాలేదు. సవర విషయంలో ఆయన శిష్టులెవరని అడగలేదు, సవరల్లో శిష్టులంటూ వేరే లేరు. ఎదురుగా కూర్చున్న మనిషి మాటే ప్రమాణమైంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ప్రమాణం మళ్లీ మేడ ఎక్కింది. ఆయన రెండు పనుల్లో పెద్దది సవర పని అని నేను అనడానికి కారణం ఇదే. గెలిచింది చిన్న పని. మన పాఠశాలలు దానినే అందుకున్నాయి.

ఇది పుస్తకాల్లోంచి వచ్చిన అభిప్రాయం కాదు. మా తాత ఒక భూస్వామి ఇంట కంబారీ. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి తరం నాది. అయిదో తరగతిలో పాఠం మధ్యలో నేను ‘ఏటి’ అన్నందుకు మా పంతులుగారు బెంచీ ఎక్కించారు. ‘ఏమిటి’ అని నూరుసార్లు రాసి తెమ్మన్నారు. రాశాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి అమ్మతో ‘ఏమిటి’ అంటే, ఎవరింటి పిల్లవాడివని నవ్వింది. పుస్తకంలో ఉన్నది వాడుక భాషే, గిడుగు గెలిపించిన భాషే. కానీ అది మా అమ్మ వాడుక కాదు. వాడుక భాషకు ఇంతమంది సొంతదార్లు ఉంటారని, అందులో మేము లేమని ఆ రోజే తెలిసింది. తెలుగే మాట్లాడే నాకే ఇలా ఉంటే, తెలుగు అసలే ఇంటిమాట కాని సవర పిల్లవాడి మొదటి రోజు బడి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మళ్లీ ఆయన కథలోకి వస్తాను. సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో అచ్చువేసింది. కైజర్-ఇ-హింద్ పతకం కూడా వచ్చింది. ముండా భాషల అధ్యయనంలో ఆ రెండూ ఇప్పటికీ మూలగ్రంథాలు. అయితే అవి ఇంగ్లీషులో ఉన్నాయి. చదవగలిగింది అధికారులు, మిషనరీలు, భాషావేత్తలు. అంతకుముందు 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాలు, తెగల సంపుటాల్లోని సవరల అధ్యాయానికీ గిడుగే చాలా సమాచారం అందించారు. పాలించేవాడికి పాలితుల గురించి తెలియజెప్పే పెద్ద యంత్రంలో ఆయన శ్రమ కూడా ఒక భాగమైంది. వాచకం పిల్లవాడి కోసం పుట్టింది, నిఘంటువు దొర బల్ల మీదికి చేరింది. ఒకే మనిషి రెండూ చేశారు. మెచ్చుకోలుకోసం ఇందులో ఏ సగాన్నీ దాచనక్కర్లేదు. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి కూడా సవర భాష మీద పనిచేశారు, తెలుగులో పిల్లల కోసం పాటలూ రాశారు. పిల్లల నోటికి అందే మాట కోసం వెతుకులాట ఆ ఇంట్లో ఒక తరంతో ఆగలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి పోయింది. ఆ మార్పును వ్యతిరేకించిన గిడుగు, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ పర్లాకిమిడి తెలుగువారిదా, ఒడియావారిదా అని సాగిన ఆ పెద్ద వాదంలో కొండ మీది సవరలను లెక్కలోకి తీసుకున్నవారు ఇరుపక్షాల్లోనూ కనిపించరు. ఒకే తెగ మధ్య గీత పడింది. అదే 1936లో, గీతకు అవతలి వైపు, మంగేయి గొమాంగో అనే సవర మనిషి తన భాషకు సొంత లిపి తయారుచేశారు. సొరంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. అక్షరాలు ఇరవై నాలుగు. ఆ అక్షరాలనే దైవంగా కొలిచే సంప్రదాయం దాని చుట్టూ పెరిగింది. తెలుగు లిపి, ఒడియా లిపి, మిషనరీల రోమన్ లిపి మూడూ తలుపు తడుతున్న కాలంలో ఒక సవర మనిషి ఇవేవీ వద్దనుకున్నాడు. గిడుగు సవర భాషకు బడి ఇచ్చారు. గొమాంగో ఆ బడిలో పలక ఎవరిదని అడిగారు. తెలుగు భాషా దినోత్సవ సభల్లో ఈ రెండో పేరు కూడా వినిపించదు.

గిడుగు 1940 జనవరి 22న మద్రాసులో మరణించారు.

ఆ తర్వాత ఈ కొండలకు మరో రకం పంతుళ్లు వచ్చారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. సవరలు, జాతాపుల మధ్య బతికి, అప్పులూ భూముల లెక్కలూ వాళ్లతో కలిసి చదివి సంఘం కట్టారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న హతులయ్యాక కథ తుపాకుల వైపు మళ్లింది. 1970 జులైలో సత్యం, కైలాసం ఇద్దరూ చనిపోయారు. వారి రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఒకటి ఒప్పుకోవాలి. శ్రీకాకుళం కొండల్లో కాగితం చదవగలగడం అన్నది ఎప్పుడూ కేవలం విద్యాశాఖ వ్యవహారం కాలేదు.

ప్రభుత్వం గిడుగు పద్ధతి దగ్గరికి తిరిగి రావడానికి వందేళ్లు పట్టింది. 2003-04లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితో, మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య మొదలైంది. అందులో సవర ఒకటి. పుస్తకాలు వచ్చాయి. మరి ఆ పుస్తకం తెరిచే పంతులు ఎవరు? షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది తీర్పు సారం. తీర్పులో సమానత్వం గురించి, ఇతరుల అవకాశాల గురించి చాలా చర్చ ఉంది. ఆరేళ్ల సవర పిల్లవాడికి ఏ భాష అర్థమవుతుందన్నది ఆ త్రాసులో తగినంత బరువు తూగలేదని నేననుకుంటాను. పల్లం నుంచి వెళ్లే ఉపాధ్యాయుడు కొండ భాష నేర్చుకోవాలన్న నియమమైనా గట్టిగా ఉంటే వేరే మాట. నూట ముప్పై ఏళ్ల కిందట ఒక బడిపంతులు ఎవరూ అడగకుండానే చేసిన పని అది.

ఇంగ్లీషు మాధ్యమం వాదంలోనూ గిడుగు పేరు అడ్డంగా వాడుతున్నారు. 2019లో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాలన్న ఉత్తర్వులు వచ్చినప్పుడు, తెలుగును కాపాడాలన్న సభలన్నిటా ఆయన ఫొటో వేలాడింది. ఇంగ్లీషు కావాలన్న దళిత, బహుజన తల్లిదండ్రుల కోరికను భాషాద్రోహమన్నవారూ ఆ సభల్లో ఉన్నారు. వారిలో చాలామంది పిల్లలు చదివింది ఏ మాధ్యమంలోనో వేరే చెప్పక్కర్లేదు. గిడుగు తెలుగును దేవతగా కొలవలేదు. సవర పిల్లలకు తెలుగు నేర్పి తరింపజేయాలని ఆయన అనుకోలేదు. ఆయన స్వయంగా ఇంగ్లీషు చదువుతోనే బతుకు నిలబెట్టుకున్నారు. మా ఊళ్లోని తల్లి తన పిల్లవాడికి ఇంగ్లీషు రావాలంటే అది న్యాయమైన కోరిక. ఆ ఇంగ్లీషును వాడికి అర్థమయ్యే మాటల మీదుగా తీసుకువెళ్లాలన్నది గిడుగు నేర్పిన సంగతి. రెండింటికీ పోట్లాట పెట్టింది మనం.

2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని అప్పటి పదమూడు జిల్లాల్లో అట్టడుగు అదే. శ్రీకాకుళం 61.74. ఈ అంకెల్లో కొండలనూ, మాలమాదిగ పేటలనూ విడదీసి చూస్తే ఇంకా కిందికి దిగుతాయి.

ఆ విద్యార్థిని ప్రశ్న తర్వాత మా విభాగం పిల్లలు కొందరు ఆదివారాల్లో ఆమె గూడకు వెళ్లడం మొదలుపెట్టారు. మొదటి రెండు వారాలు మంచి తెలుగు బొమ్మల పుస్తకాలు పట్టుకెళ్లారు. గూడ పిల్లలు వరసగా కూర్చున్నారు, చూశారు, ఒక్కరూ నోరు విప్పలేదు. సిగ్గుపడుతున్నారని మావాళ్లు అనుకున్నారు. మూడో వారం ఆమె పుస్తకాలు పక్కనపెట్టి నేల మీద సుద్దతో పంది, కుండ, విప్పచెట్టు గీసి, వాటి పేర్లు సవరలో అడిగింది. అల్లరి మొదలైంది. పేరు మీద పిల్లలకు పిల్లలకే తగువు వచ్చింది. ఆమె రెండు పేర్లూ తెలుగు అక్షరాల్లో రాసింది. ఆ రోజు పలక అడిగి పుచ్చుకున్నవాళ్లు ఏడుగురు. అన్ని వారాలూ ఇలా నడవలేదు. వానలకు దారి తెగింది, పరీక్షలొచ్చాయి, మావాళ్లలో సగం మంది మానుకున్నారు. జీతం లేని పనికి ఉండే బలహీనతలన్నీ దీనికీ ఉన్నాయి. ప్రభుత్వం చేయవలసిన పనికి ఇది ప్రత్యామ్నాయం కాదని వాళ్లకు మొదటే చెప్పాను.

నేను ఆమెకు గిడుగు నిఘంటువు నకలు ఒకటి ఇచ్చాను. కిందటి నెల వచ్చి ఒక నోటుబుక్కు చూపించింది. నిఘంటువులోని మాటలు ఒక్కొక్కటే వాళ్ల అవ్వకు చదివి వినిపిస్తోందట. అవ్వ కొన్నిటికి తలూపుతుంది. కొన్నిటి దగ్గర ఆపి, అది అవతలి కొండవాళ్ల మాట, మనం ఇలా అనం అని సరిచేస్తుంది. అలా సరిచేసిన మాటలు అప్పటికి నూట పన్నెండు. ప్రతి మాట పక్కనా తేదీ వేసి, కింద చెప్పినవారి పేరు అని ఒక గీత గీసి, అవ్వ పేరు రాసి పెట్టింది.